వలసపోయిన పూర్వుని జాడ



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములందు నేడు సముద్రము దాటిన బిడ్డ లేని గ్రామము అరుదు. ఒకడు కువైటునకు పోయెను; ఒకడు అమెరికాకు పోయెను. కొందరు నాలుగు కాసులు కూడబెట్టుకొని మరలి వత్తురు. మరికొందరు అచటనే యిల్లు కట్టుకొని, అచటనే బిడ్డలను కని, ఆ దేశపు పౌరులగుదురు. వారి మునిమనుమలు నూరేండ్లకు పిమ్మట “మా పూర్వుడెవ్వడు? ఏ యూరివాడు? ఏల వచ్చెను?” అని యడుగక మానరు. ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పగల కాగితములును, చెప్పగల నోళ్లును నేడు మన యిండ్లలో నున్నవి. రేపును ఉండునని చెప్పజాలము.

ఈ ప్రశ్న మనకు క్రొత్తయే కాని లోకమునకు క్రొత్తది కాదు. జర్మనీ దేశమునుండి అమెరికాకు వలసపోయిన కుటుంబములవారు తరతరములుగా నిట్టి ప్రశ్ననే యడుగుచు, ఉత్తరము రాబట్టు మార్గమును ఒక శాస్త్రమువలె నేర్పరచుకొనిరి. అట్టి వలసదారులలో నొకడు మన తెలుగునాటికే వచ్చి, గుంటూరులోను పలనాటిలోను సంవత్సరములు గడిపెను. అతని జీవితము నెట్లు తెలిసికొనిరో చెప్పి, అందుండి మనము నేర్వదగినదేమో విన్నవించుటయే ఈ ప్రసంగమునకు ప్రయోజనము.

మొదట మన సంగతి కొంచెము చూచుకొందము. మనకు వంశస్మృతి లేదని యనరాదు. ప్రవర చెప్పునపుడు గోత్రఋషుల నామములను వరుసగా నుచ్చరింతుము. తర్పణము విడుచునపుడు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పుదుము. ఈ వంతెనకు ఆ యొడ్డున ఋషులున్నారు. ఈ యొడ్డున మూడు తరములవారున్నారు. నడుమ నున్న వారెందరో, ఎవ్వరో, ఎచట బ్రతికిరో తెలియదు. కుమారుని కాలము రాగానే ముత్తాత పేరు తర్పణమునుండియు జారిపోవును. వ్రాసి యుంచని యింట నాలుగవ తరమువాడు లేనివానితో సమానుడు.

జర్మనులకు వేదఋషుల ప్రవర లేదు. కాని వారి గ్రామములందలి క్రైస్తవ దేవాలయములలో పుస్తకములున్నవి. పదునారవ, పదునేడవ శతాబ్దములనుండియు బిడ్డకు జ్ఞానస్నానము చేయించిన దినము, తల్లిదండ్రుల పేర్లు, సాక్షుల పేర్లు, వివాహములు, మరణములు మతగురువు తన చేతితో వ్రాసి యుంచుట అచట వాడుక. రాజ్యములు మారినను, యుద్ధములు వచ్చినను, అనేక గ్రామములందు ఆ పుస్తకములు నిలిచినవి.

ఆ దేశమునుండి జనము అమెరికాకు పోవుట 1683లో కుదురుగా మొదలయ్యెను. ఆ యేడు క్రెఫెల్టు పట్టణమునుండి పదుమూడు కుటుంబములు పోయి, ఫిలడెల్ఫియా చెంత జర్మన్‌టౌను అను పల్లెను కట్టుకొనెను. 1727నుండి పెన్సిల్వేనియా ప్రభుత్వమువారు, ఓడ దిగిన పరదేశులలో పదునారేండ్లు దాటిన మగవారు రాజభక్తి ప్రమాణము చేసి చేవ్రాలు చేయవలయునని నిర్ణయించిరి. ఆ పట్టీలు 1934లో అచ్చుపడినవి. 1820 మొదలు 1920 వరకు నూరేండ్లలో జర్మనీనుండి అమెరికా చేరినవారు ఏబది లక్షలకు మించినారు. వారు రాజులు కారు, పండితులు కారు. పెక్కుమంది చాలీచాలని భూమి గల రైతులు, పని తగ్గిన సాలెవారు, సైన్యమున చేరుటకు వెరచిన పడుచువారు.

అట్టి వలసదారులలో మన కథానాయకుడు హయ్యరు. ఆయన పూర్తి పేరు యోహాన్ క్రిస్టియాన్ ఫ్రీడ్రిఖ్ హయ్యరు. 1793 జూలై 10వ తేదీన బ్రున్స్విక్ సంస్థానమందలి హెల్మ్‌స్టెట్ పట్టణమున జన్మించెను. 1807లో, అనగా పదునాలుగేండ్ల ప్రాయమున, తల్లిదండ్రు లాతనిని ఓడ యెక్కించి ఫిలడెల్ఫియాలో నున్న మేనమామ కడకు పంపిరి. అప్పుడు యూరపు నంతయు నెపోలియను సైన్యములు త్రొక్కుచుండెను. ఆ యేడే బ్రున్స్విక్ సంస్థానము నెపోలియను తమ్మునికి నొసగిన క్రొత్త రాజ్యములో కలిసిపోయెను. హయ్యరు అమెరికాలో మతశాస్త్రము చదివి, మరల జర్మనీకి పోయి గోటింగెను విశ్వవిద్యాలయమున కొంతకాలము చదివి, తిరిగి వచ్చి 1820లో మతగురువుగా నియమితుడయ్యెను. 1819లో వివాహమాడెను, 1839లో భార్య గతించెను. 1841లో, నలువదియెనిమిదవ యేట, బోస్టను రేవున ఓడ యెక్కి సింహళమునకు వచ్చి, అచటినుండి తమిళదేశము మీదుగా పయనించి 1842 జూలై 31న గుంటూరు చేరెను. అమెరికాలోని లూథరు సంఘమువారు హిందూదేశమునకు పంపిన మొదటి మతబోధకు డాయనయే. నాటి గుంటూరు కలెక్టరు హెన్రీ స్టోక్సు ఆయనకు అండగా నిలిచెను.

ఆయన వచ్చుట ఒక్కసారితో ముగియలేదు. 1845లో అస్వస్థుడై స్వదేశమునకు పోయి, బాల్టిమోరు నగరమున వైద్యము నేర్చి 1847లో పట్టము పొంది, మరల వచ్చెను. 1849లో పలనాటిలోని గురజాల చేరి అచట నివసించెను. 1857లో మరలి పోయెను. 1869లో, డెబ్బదియైదేండ్లు దాటిన పిమ్మట, రాజమహేంద్రవరమున పని చూచుటకు మనుష్యుడు లేడని విని, పెన్సిల్వేనియాలో సభ జరుగుచుండగా నేను పోయెదనని ముందుకు వచ్చి, మూడవసారి తెలుగుదేశమునకు వచ్చి, 1871 వరకు నుండెను. 1873 నవంబరు 7న ఫిలడెల్ఫియాలో గతించెను. పెన్సిల్వేనియాలోని సోమర్సెట్ ప్రాంతమున భార్య సమాధి చెంతనే ఆయన సమాధి గలదు.

ఆయన మతమును గూర్చిన విచారణ ఇట మనకు వలదు. ఈ తేదీలన్నియు ఎట్లు తెలిసినవి? అది మన ప్రశ్న. మరణమును, భార్య పేరును సమాధిశిల చెప్పును. రాకపోకలను సంఘసభల కార్యవృత్తాంతములు చెప్పును. గుంటూరు దినములను ఆయన వ్రాసి పంపిన లేఖలు చెప్పును. జన్మమును హెల్మ్‌స్టెట్ పట్టణము చెప్పును. గమనింపుడు: ఈ జాడ తీయువాడు మరణమునుండి జన్మమునకు, తెలిసినదానినుండి తెలియనిదానికి వెనుకకు నడచును. మునుపటి యొక మహాపురుషుని పట్టుకొని అతనినుండి తనదాకా నిచ్చెన వేయువాడు దారి తప్పును. తనతో మొదలిడి, తండ్రిని, తాతను, ఒక్కొక మెట్టును కాగితముతో సరిచూచుకొనుచు వెనుకకు పోవువాడే గమ్యము చేరును.

హయ్యరు జాడ సులభముగా దొరకుటకు కారణము, ఆయన పేరుతోబాటు “హెల్మ్‌స్టెట్” అను ఊరిపేరు నిలిచియుండుటయే. ఆ యొక్క మాట పోయియున్నచో, హయ్యరు అను నింటిపేరువా రా దేశమున నెందరో యుండగా, ఏ పట్టణపు పుస్తకము విప్పవలయును? లక్షల కుటుంబముల కట్టి దురవస్థయే పట్టినది. అమెరికా జనాభా లెక్కలు 1790 మొదలు పదేండ్లకొకసారి జరిగినవి. 1840 వరకు ఇంటి యజమాని పేరొక్కటే వ్రాసిరి. 1850నుండి ఇంట నున్న స్వతంత్రులందరి పేర్లును జన్మస్థలమును వ్రాసిరి. కాని జన్మస్థల మనిన చోట దేశము పేరో, సంస్థానము పేరో వ్రాసిరే కాని ఊరు వ్రాయలేదు. ప్రష్యా అనిరి, బవేరియా అనిరి, బాడెను అనిరి. 1871 వరకు జర్మనీ యొక్క రాజ్యము కాదు. అనేక సంస్థానముల కూడిక. “దత్తమండలములవాడు” అని మాత్రము వ్రాసిపెట్టి, పులివెందుల తాలూకాలోని ఒక పల్లెలో అతని యిల్లు వెదకుమనినట్లు!

ఊరిపేరు తెలిసినను చిక్కులు తీరవు. ఒకే పేరుగల యూళ్లు అనేకములుండును. ఫ్రాంక్‌ఫర్టులు రెండున్నవి, ఒకటి మైను నది మీద, ఒకటి ఓడరు నది మీద. మనకును ఇట్టిది కలదు. జమ్మలమడక అను నింటిపేరు విని, వారిది మన జమ్మలమడుగే యని భ్రమపడువారున్నారు. జమ్మలమడక యను గ్రామము పలనాటిలో మాచర్ల చెంత నున్నది. చివరి యక్షరముల భేదము చేత ఒక వంశము రెండు జిల్లాల దూరము జరిగిపోవును.

మరియు ఊరు కదలకున్నను దాని జిల్లా కదలును. కదిరి 1910 వరకు కడప జిల్లాలోనిది. పిమ్మట అనంతపురములో చేరెను. రాయచోటి 2022లో అన్నమయ్య జిల్లాలో చేరెను. ముత్తాత కాగితమున “కడప జిల్లా” అని యున్నదని నేటి కడప జిల్లా పటమునందే వెదకువానికి ఆ పల్లె కనబడక పోవచ్చును. కావున ఊరిపేరుతోబాటు నాటి తాలూకా, నాటి జిల్లా, నేటి మండలము, నేటి జిల్లా వ్రాయుట యుక్తము.

రెండవ చిక్కు మనుష్యుని పేరు. వలసపోయిన జర్మనులలో మిల్లరు అని మారిన ముల్లరులు, స్మిత్తు అని మారిన ష్మిట్టులు, కార్పెంటరు అని తమ పేరును అనువదించుకొనిన త్సిమ్మర్‌మనులు గలరు. బ్రౌను అని మారిన బ్రౌనులును గలరు. మన కడప బ్రౌను దొర మాత్రము ఇంగ్లీషువాడే. రేవున నున్న అధికారులే ఈ పేర్లు మార్చిరని అమెరికాలో నొక లోకప్రవాదము గలదు. అది నిజము కాదు. రేవునందలి గుమాస్తా ఓడవారు తెచ్చిన పట్టీని చూచి పిలిచెడివాడే గాని పేరు పెట్టెడివాడు కాడు. ఇరుగుపొరుగువారి నోటికి అనువుగా నుండునట్లు కాలక్రమమున తామే మార్చుకొనిరి. మన బిడ్డల పేర్లకును ఇదియే జరుగుచున్నది. మన యింటిపేరు ముందుండును. అమెరికాలో అది కడకు పోవును. ఒక్కొకచో ఇంటిపేరు ఒక యక్షరమై, తండ్రిపేరో తన పేరో వంశనామమై కూర్చుండును. ఒకే తండ్రి బిడ్డ లిద్దరు రెండు వంశనామములతో నిలుచుటయు గలదు. ఇంటిపేరు మనలో తరచుగా పూర్వులు విడిచి వచ్చిన యూరిపేరే గదా! దానిని ఒక్క యక్షరము చేసినచో, పూర్వుడు తన పేరులో దాచియిచ్చిన చిరునామాను చించివేసినట్లగును.

పేరులో స్త్రీల సంగతి మరువరానిది. హయ్యరు ఫిలడెల్ఫియాకే ఏల పోయెను? తల్లికి తోడబుట్టినవా డచట నుండెను గనుక. తల్లి పుట్టినింటివా రెవరో తెలిసిననాడే ఈ ప్రయాణమునకు అర్థము తెలియును. జర్మను పుస్తకములలో తల్లి పుట్టినింటిపేరు వ్రాయుట వాడుక. మన కాగితములలో భర్తపేరు, కుమారునిపేరు కనబడును గాని, ఆమె ఏ యూరి యాడపడుచో కనబడదు. వంశములో సగము రక్తము ఆమెదే యైనను వ్రాతలో నామె లేదు. ఈ లోపమును దిద్దుట మన చేతిలోని పని.

మూడవ చిక్కు కాలము. రైను నదికి పడమట ఫ్రెంచివా రేలినపుడు తమ విప్లవశకమును నడిపిరి. ఆ తేదీలను 1805 వరకు మార్చి చూచుకొనవలయును. మన పాతపత్రములలో సంవత్సరనామ ముండును. కాని అరువదేండ్లకు మరల అదియే వచ్చును. విక్రమ అనిన 1940లో వచ్చిన విక్రమయా, 1880లో వచ్చిన విక్రమయా? పత్రమున ఫసలీ యున్నచో సందేహము తీరును. ఫసలీకి 590 కలిపిన క్రీస్తుశకము వచ్చును. ఫసలీ 1350 జూలై 1940తో మొదలగును. పుట్టినదినము మరింత జాగ్రత్తగా చూడదగినది. బడి చేర్పు పుస్తకములలో జూలై 1వ తేదీన పుట్టినవా రెందరున్నారో ఉపాధ్యాయులెరుగుదురు. అందరును ఒకేనాడు పుట్టలేదు. తండ్రికి తేదీ తెలియనపుడు బడిలో నట్లు వ్రాసికొనుట వాడుక. “ధాత కరువునాటికి మా తాత చంకబిడ్డ” అను ముసలమ్మ మాట ఆ తేదీకంటె నమ్మదగినది. ధాత కరువు 1876లో వచ్చినది గనుక.

ఇక మనయొద్ద నున్న సాధనము లెవ్వి? కర్నలు మెకంజీ 1800 తరువాత దత్తమండలములందు గ్రామగ్రామమున వ్రాయించిన కైఫీయతులు కలవు. ఊరెట్లు పుట్టినది, రెడ్లెవరు, కరణములెవరు, మాన్యము లెవరికి చెల్లినవి, అందు చదువవచ్చును. కడప జిల్లా కైఫీయతులను, బ్రౌను దొర నివసించిన స్థలమున వెలసిన బ్రౌను భాషా పరిశోధన కేంద్రమువారు అచ్చువేసిరి. మాన్యములుగల కుటుంబములకు 1858లో నేర్పడిన ఇనాము కమీషను పట్టీలలో అనుభవదారుల వంశక్రమము దొరకును. క్రయపత్రములు, భాగపరిష్కార పత్రములు, వివాహపు శుభలేఖలు, పంచాంగపు మార్జినులలో పెద్దలు గుర్తుపెట్టిన జననమరణములు, ఇవి పేదయింటను ఉండును. కాపుల వంశములను నోట చెప్పు వంశరాజులు వచ్చినపుడు వినుటయే గాక వ్రాసికొనుడు. గయలో పిండప్రదానము చేసినవారి పేర్లు అచటి పండాల బహీలలో నుండవచ్చును.

అయితే 1984లో గ్రామకరణీకము రద్దయినప్పుడు ఎన్ని యూళ్ల దస్తరములు అటకలెక్కి చెదలపాలయ్యెనో మీరే యెరుగుదురు. జర్మనీలోను ఇట్టి నష్టము జరుగకపోలేదు. హాంబర్గు రేవువారు 1850నుండి ఓడయెక్కినవారి పట్టీలను భద్రపరచిరి. వానిలో ప్రయాణికుని యూరు గూడ నుండుటచే నెన్నో కుటుంబములకు దారి దొరకెను. బ్రెమెను రేవువారు చోటు చాలదని పాతపట్టీలను నాశనము చేసిరి. ఆ రేవున ఓడయెక్కినవారి సంతతి నేటికిని చీకటిలో తడుముకొనుచున్నది. రెండు రేవులకును భేదమేమి? ఒకరు కాగితము నుంచిరి; ఒకరు తీసివేసిరి.

కావున నేను విన్నవించునది ఒక్కటే. వలసపోయినవాడు తన యూరిని వెదకికొనజాలడు. ఊర నున్నవాడే అతనికి దానిని వ్రాసి యీయవలయును. మీ యింటినుండి పోయిన ప్రతి బిడ్డకును ఒక్కొక కాగితము వ్రాయుడు. పూర్తి పేరు, ఇంట పిలుచు పేరు, ఇంటిపేరు, గోత్రము. తండ్రి, తాత, ముత్తాతల పేర్లు. తల్లి, అవ్వ, వారి పుట్టినిండ్ల యూళ్లు. పుట్టిన గ్రామము, నాటి తాలూకా, నేటి మండలము. ఏ సంవత్సరమున, ఏ కారణముచే, ఎవరి వెంట పోయెను. ఈ సంగతి చెప్పినవా రెవరు, వ్రాసిన తేదీ యేది. పాత ఛాయాపటముల వెనుక పేర్లు వ్రాయుడు. ముఖము నెరిగినవారు పోయిన పిమ్మట పటము మూగయగును. మనుమలకు తెలుగక్షరములు రాకపోవచ్చును గనుక ఊళ్ల పేర్లను ఇంగ్లీషు లిపిలో గూడ వ్రాయింపుడు. ఒక ప్రతి మీయొద్ద, ఒక ప్రతి వారియొద్ద నుండవలయును.

వ్రాయునపుడు గొప్పలు కల్పింపవలదు. అప్పులపాలై పోయినచో అట్లే వ్రాయుడు. వానలు లేక పోయినచో అట్లే వ్రాయుడు. జర్మను వలసదారుల మునిమనుమలు తమ పూర్వుడు జమీందారని తెలిసి కంటతడి పెట్టలేదు. గోధుమపంట పోయి, బిడ్డలను వెంటబెట్టుకొని నడచి రేవు చేరినవాడని తెలిసినపుడే వానిని తమవాడని యెరిగిరి. అసత్యమున పుట్టిన పూర్వుడెవ్వరికిని పూర్వుడు కాడు.

పోయిన బిడ్డకు మనము భూమిని పంచి యీయగలమో లేదో. ఊరిపేరును మాత్రము తప్పక యీయగలము. దానికి రుసుము లేదు, పత్రము లేదు, సాక్షులు వలదు. ఒక కాగితము, ఒక కలము, తెలిసిన పెద్ద యొకడు చాలును. కాగితమును కలమును రేపును దొరకును. తెలిసిన పెద్ద రేపు దొరకునో లేదో గనుక ఈ పనిని నేడే మొదలిడవలయునని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.